ఆ ఒక్క మాట నేను చెప్ప

నిన్న పొద్దున ఫిల్మ్ నగర్ నుంచి శ్రీనగర్ కాలనీకి ఆటోలో వెళ్తున్నాను. సిగ్నల్ దగ్గర ఆగగానే డ్రైవరు ఫోన్ తీసి చలానా చూసుకోవడానికి ప్రభుత్వం వాళ్ళ వెబ్‌సైట్ తెరిచాడు. తెర నిండా చీమల్లాంటి అక్షరాలు, అడుగున ‘అంగీకరిస్తున్నాను’ అని పచ్చటి డబ్బా. ఆ అక్షరాల వంక కన్నెత్తి కూడా చూడకుండా టక్కున నొక్కేశాడు.

"చదవకుండనే ఒప్పుకుంటివా తమ్మీ!" అని అరిచాను.

పాపం, అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "ఏమైంది సార్, రాంగ్ నొక్కిన్నా?" అన్నాడు. నేనేం చెప్పను! నాది తెనాలి. పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ తమ్మీ అని పిలిచినవాణ్ణి కాను. నా నోట్లోంచి వచ్చింది నా మాట కాదు, ఆవిడ మాట. ఇంకేముంది, దిగాల్సిన చోటు దాటిపోయినా తెలియలేదు, దారంతా ఆవిడే. ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆవిడ గొంతు మీరు విన్నారు. ఖాయంగా విన్నారు. పెళ్ళి ఇష్టం లేదని ఏడ్చిన హీరోయిన్లకీ, ప్రేమించానని చెట్ల చుట్టూ తిరిగిన హీరోయిన్లకీ, పదిహేనేళ్ళు పోయాక వాళ్ళ తల్లులకీ ఆవిడే గొంతిచ్చింది. మొహం మాత్రం మీరు చూడలేదు. పేరు నేను చెప్పను. ఎక్కడుందో తెలుసు, అదీ చెప్పను. చెప్పానని తెలిస్తే తోలు తీస్తుంది.

మైకు ముందు నిలబడితే కృష్ణా జిల్లా ఆడపడుచులా ‘ఏమిటండీ ఇది’ అనేది. ఎర్రలైటు ఆరిందో లేదో, ‘ఏంది ర బై గిది, ఏసీ జర తగ్గించు’ అనేది సౌండ్ ఇంజనీర్‌తో. నాకైతే ప్రతిసారీ ఒళ్ళు పులకరించేది! డబ్బింగ్ గదిలోకి వెళ్ళే ముందు గాజులు తీసి జేబురుమాల్లో మూటకట్టి నా చేతికిచ్చేది, మైకుకి గలగల వినపడుతుందని. గంజి పెట్టిన చీర కట్టదు, చప్పుడు చేస్తుందని. భుజానికి ఫ్లాస్కు, అందులో లవంగం వేసిన వేడినీళ్ళు. స్టూడియోలో కాఫీ ముట్టదు.

ఒకసారి జూబ్లీ హిల్స్‌లో ఓ నిర్మాత ఉండే అపార్ట్‌మెంటుకి ఇద్దరం వెళ్ళాం. గేటు దగ్గర బల్ల మీద పుస్తకం. పేరు, ఫోన్ నంబరు, ఎవరింటికి, ఏం పని మీద, అన్నీ రాయాలి. నిజం చెప్పొద్దూ, ఆ పుస్తకమంటే నాకు భలే ఇష్టం. నాకు పోటీ రైటర్లు ఎవరెవరు ఆ నిర్మాత చుట్టూ తిరుగుతున్నారో నాలుగు పేజీలు వెనక్కి తిప్పి తీరిగ్గా చదువుకునేవాణ్ణి. ఆవిడ మాత్రం పైన ఉన్న పేర్ల మీద అరచెయ్యి అడ్డం పెట్టి, తన గీతలో తన పేరొక్కటి రాసింది. నంబరు రాయలేదు. రాసి వాచ్‌మన్‌ని అడిగింది:

"గీ పుస్తకం రాత్రి యాడ పండుకుంటది?"

"ఏందమ్మా?"

"రాత్రి నువ్వు ఇంటికి పోతవ్ గద. పుస్తకం యాడుంటది? ఎవరు తిప్పుతరు? ఇంతమంది ఆడోళ్ళ నంబర్లు ఉన్నయి గిండ్ల."

వాచ్‌మన్ బల్ల వైపు చూపించాడు. పుస్తకం రాత్రంతా ఆ బల్ల మీదే పడుంటుందట. ఆవిడ వదిలితేగా! వెళ్ళిన ప్రతిసారీ అదే ప్రశ్న. మూడోసారి వెళ్ళేసరికి పుస్తకం సొరుగులోకి చేరింది, వచ్చినవాళ్ళకి తలా ఒక కాగితం ముక్క ఇస్తున్నాడు. నా కాలక్షేపం కాస్తా పోయింది.

బట్టల షాపులో బిల్లు దగ్గర ఇంకో తమాషా. "మేడమ్, మొబైల్ నంబర్?" అంటాడు కుర్రాడు. ఆవిడ అరక్షణం ఆగి, వయసులో ఉన్న హీరోయిన్ గొంతు తీసి, "నా నంబరుతో మీకేం పనండీ?" అనేది. అరవయ్యేళ్ళ మనిషి నోట్లోంచి ఆ గొంతు ఊడిపడేసరికి కుర్రాడు నోరెళ్ళబెట్టి, నంబరు లేకుండానే బిల్లు కొట్టేసేవాడు. నేను పక్కనే నిలబడి నవ్వు ఆపుకోలేక చచ్చేవాణ్ణి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను పేరు పడని రైటర్ని. డైలాగులు నేను రాస్తాను, తెర మీద ఇంకొకరి పేరు పడుతుంది. సినిమాల్లేనప్పుడు ఏ పని దొరికితే అది చేస్తాను. అలా దొరికిందే ఈ పని. రోజుకూలీకి పనిచేసేవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే వెబ్‌సైట్ ఒకటి అప్పటికే ఉంది. ఆరోగ్య కార్డుకి అందులోనే దరఖాస్తు పెట్టుకోవాలి. మా సినిమా కార్మికులూ అందులోనే. ఆ సైట్ మొత్తం తెలుగులోకి మార్చి, చదవడం రానివాళ్ళ కోసం ప్రతి పేజీలో ‘వినండి’ అనే బటన్ పెట్టాలన్నారు. రాయడం నేను, చదవడం ఆవిడ. ఫిల్మ్ నగర్‌లో ఒక సెల్లార్ స్టూడియోలో రికార్డింగ్.

మొదటిరోజు నా కాగితం చేతిలోకి తీసుకుంది. సైట్‌కి వచ్చేవాళ్ళ వివరాల భద్రత గురించిన పేజీ అది. ‘సందర్శకుల వ్యక్తిగత గోప్యతా పరిరక్షణకు ఈ అంతర్జాల వేదిక సర్వదా కట్టుబడియున్నది’ అని రాశాను. రాసినప్పుడు నాకెంత గర్వంగా ఉందో! ఆవిడ ఒకసారి పైకి చదివింది. రెండోసారి చదివింది. కళ్ళజోడు తీసి నా వంక చూసింది.

"ఏ నోటి కోసం రాసినవ్ తమ్మీ ఇది?"

"అంటే అక్కా, ప్రభుత్వం కదా..."

"లైట్లు మోసేటోడు ఇంటడు. కుట్టుమిషన్ తొక్కేటామె ఇంటది. వాళ్ళ నోట్లె పట్టని మాట నా నోట్లకెల్లి ఎట్ల వస్తది?"

తలొంచుకుని కలం తీశాను. ఆ పూటంతా ఇద్దరం ఆ పేజీని విప్పి మళ్ళీ కుట్టాం. ‘కుకీలు’ దగ్గర ఆగి, "ఇదేంది?" అంది. మీరు ఒకసారి సైట్‌కి వస్తే, రెండోసారి వచ్చినప్పుడు గుర్తుపట్టడానికి మీ ఫోన్లో అది పెట్టే చిన్న గుర్తు అక్కా అని చెప్పాను. "ఓ, గుడి కాడ చెప్పులకు టోకెన్ ఇస్తరు, గట్ల. అదే రాయి!" అంది. రాశాను. ఎంత హాయిగా ఉందో ఆ వాక్యం! నా జీవితంలో నేను రాసిన మంచి డైలాగుల్లో సగం ఆ పూట పుట్టినవే, ఒక్క సినిమాలోనూ లేవు.

రెండోరోజు ఆవిడ ఒంటరిగా రాలేదు. వెంట ఒకామె ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి, కాస్ట్యూమ్స్ విభాగంలో బట్టలు కుడుతుంది. చేతిలో ప్లాస్టిక్ సంచి గట్టిగా పట్టుకుని సోఫా అంచున కూర్చుంది. "నా తోని వచ్చింది, కూసోనియ్యిండ్రి" అని మాత్రం చెప్పి, గాజుల మూట నాకిచ్చి ఆవిడ గదిలోకి వెళ్ళింది. గంటలో పేజీ దాదాపు అయిపోయింది. చివర్లో ఒక వాక్యం మిగిలింది: ‘మీరిచ్చిన వివరాలు మీకు తప్ప ఇంకెవరికీ కనిపించవు.’

ఎర్రలైటు వెలిగింది. అద్దం అవతల ఆవిడ కదల్లేదు.

"అక్కా, రోలింగ్" అన్నాడు ఇంజనీర్.

ఆవిడ చేతిలోని కాగితం మడిచేసింది.

"అక్కా?"

"ఆ ఒక్క మాట నేను చెప్ప" అంది మైకులోనే.

గదిలో మాతోపాటు సైట్ తయారుచేసే కాంట్రాక్టు కంపెనీ మేనేజర్ ఉన్నాడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో రెండు ఫోన్లు. "వాట్ హ్యాపెండ్ మేడమ్? టెక్స్ట్ అప్రూవ్ అయిపోయిందండీ. మూడింటికి ఆఫీసర్ గారు వచ్చి ఫైనల్‌గా వింటారు" అన్నాడు కంగారుగా.

ఆవిడ బయటికొచ్చి ఇంజనీర్ ఫోన్ అడిగి తీసుకుంది. ఆ సైట్‌లోనే దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునే పేజీ తెరిచి, తన దరఖాస్తు నంబరు కొట్టింది. ఆవిడ ఫొటో, పేరు, ఇంటి నంబరు, వీధి, ఫోన్, అన్నీ వచ్చేశాయి. పాస్‌వర్డ్ లేదు, ఏమీ లేదు. తర్వాత చివరి అంకె ఒక్కటి మార్చింది. ఇంకెవరిదో ఫొటో వచ్చింది! వెంటనే తెర మీద అరచెయ్యి మూసేసింది.

"నిన్న తప్పు అంకె కొడితే బయటపడ్డది" అంది. "ఎవ్వడు ఏ నంబర్ కొడితే వాళ్ళ ఇల్లు కనబడ్తది. కనిపించవు అని నేనెట్ల చెప్త?"

మేనేజర్ నవ్వేశాడు. "అది మైనర్ ఇష్యూ మేడమ్, నెక్స్ట్ వెర్షన్‌లో ఫిక్స్ చేస్తారు. అయినా ఒకళ్ళ నంబర్ ఇంకొకళ్ళకి ఎందుకు కావాలండీ?"

అప్పుడు సోఫా మీద నుంచి ఆ కుట్టుపనామె లేచింది. అంత మెల్లగా మాట్లాడినా ఆ గదిలో ప్రతి మాటా వినపడింది. "నా మొగుడికి కావాలండీ" అంది.

యూనిట్ వ్యాన్ నడుపుతాడట అతను. తాగి కొట్టడం కాదు, తాగకుండానే కొట్టేవాడట. మణికట్టు మీద మచ్చ చూపించింది. ఏడాది కిందట పారిపోయి వచ్చి, వెంగళరావు నగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుంది. అతనికి ఆచూకీ తెలియదు. యూనియన్ వాళ్ళు పెట్టిన క్యాంపులో పొద్దున ఈమె దరఖాస్తు పెట్టింది, మధ్యాహ్నం అతనూ పెట్టాడు. ఇద్దరి నంబర్లూ ఒక్క వరసలోవే. అంకెలు మారుస్తూ పోతే అందరివీ వస్తాయని ఎవరో అతని చెవిన వేశారు. పొద్దుటి నుంచీ టీకొట్టు దగ్గర కూర్చుని ఒక్కొక్కటే మార్చుకుంటూ వస్తున్నాడని తోటి టైలర్ ఫోన్ చేసి చెప్పిందట.

"అమ్మా, నేనిప్పుడు ఇంటికి వెళ్ళనా, వద్దా?" అని ఆవిడనడిగింది.

ఆ గదికి కిరాయి కట్టుకుని, ఏడాదిగా ఎవరి కంటా పడకుండా బతుకుతున్న మనిషి! తెలుగులో అందంగా రాసి, ఆ గది తలుపు నేనే తెరిచి పెట్టినట్టనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మేనేజర్ మాత్రం వాచీ చూసుకున్నాడు. "ఐ అండర్‌స్టాండ్ అండీ. బట్ మేడమ్, మీరు జస్ట్ వాయిస్. మీరు చెప్పకపోతే ఇంకొకరితో చెప్పిస్తాను" అని ఫోన్ తీశాడు.

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది! ఎందుకంటే అతనికి మా డబ్బింగ్ వాళ్ళ పద్ధతి తెలియదు. ఒకరు సగం చెప్పిన పని ఇంకొకరు అందుకోవాలంటే, ముందు ఆ మొదటివాళ్ళకి ఫోన్ చేసి అడగాలి. రాసుకున్న రూలు కాదు, కానీ దాటినవాళ్ళని నేను చూడలేదు. అతను శ్రీనగర్ కాలనీలో ఉండే ఒకావిడకి చేశాడు. వస్తానంది. అయిదు నిమిషాల్లో ఇక్కడ మా అక్క ఫోన్ మోగింది. "వదినా, నీ పనికి నన్ను పిలుస్తున్నారు, ఏంటి విషయం?" ఈవిడ విషయం చెప్పింది. అవతలావిడ రానంది. అతను ఇంకొకరికి చేశాడు. మళ్ళీ ఈ ఫోన్ మోగింది. మూడు, నాలుగు, అయిదు! మగ గొంతులకీ చేశాడు. వాళ్ళూ ఇక్కడికే చేశారు. అతని ఫోన్లో ‘వస్తాను’, ఈ ఫోన్లో ‘ఏంటి విషయం’, మళ్ళీ అతని ఫోన్లో ‘సారీ అండీ’. నేనూ ఇంజనీరూ క్రికెట్ చూస్తున్నట్టు అటూ ఇటూ తల తిప్పుతూ కూర్చున్నాం. ఫిల్మ్ నగర్ చుట్టుపక్కల ఆ ఒక్క వాక్యం చెప్పే గొంతు దొరకలేదంటే నమ్మండి!

నమ్మరేమో, చివరికి అతను కంప్యూటర్‌తో చెప్పించాడు. వాక్యం కొడితే చదివేసే మిషన్ గొంతు. తడుముకోకుండా, సాఫీగా, ‘ఇంకెవరికీ కనిపించవు’ అనేసింది.

"దానికేం, సిగ్గా శరమా!" అంది ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పుతూ. గొంతు తేలిగ్గానే ఉంది. ఆ కుట్టుపనామె చెయ్యి మాత్రం ఇంకో చేత్తో పట్టుకునే ఉంది.

మూడింటికి ఆఫీసర్ గారు వచ్చారు. యాభై దాటిన మనిషి, కాటన్ చీర, చేతిలో ఒక ఫైలు. రాగానే హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటి నుంచీ విన్నారు. చెప్పుల టోకెన్ దగ్గర ఫక్కున నవ్వారు. నా ఛాతీ ఉబ్బింది! చివరికొచ్చేసరికి మొహం చిట్లించారు.

"ఈ ఒక్క వాక్యానికి గొంతు మారిందేంటి?"

"మేడమ్‌కి త్రోట్ ఇన్ఫెక్షన్ అండీ" అన్నాడు మేనేజర్.

"నా గొంతుకేమీ కాలేదమ్మా" అన్న మాట వినిపించింది వెనక నుంచి. సినిమా తల్లి గొంతు! పంచాయితీలో కొడుకు పక్షాన నిలబడే తల్లి గొంతు. ఆఫీసర్ గారు గిర్రున వెనక్కి తిరిగారు. ఆ గొంతు ఎక్కడ విన్నారో వెతుక్కుంటున్నారని మొహంలోనే తెలుస్తోంది. ఆవిడ వెంటనే సొంత గొంతులోకి దిగింది.

"మేడమ్, సినిమాల నేను మస్తు అబద్ధాలు చెప్పిన. జనం టికెట్ కొనుక్కొని, అబద్ధమని తెలిసే ఇన్నరు. గీ బటన్ నొక్కేటోళ్ళు చదువు రానోళ్ళు. నా గొంతు ఏం చెప్తె అదే నమ్ముతరు. మీ ఫోన్‌ల నా నంబర్ కొట్టి చూడుండ్రి."

ఆఫీసర్ గారు కొట్టారు. ఆవిడ ఇల్లూ వాకిలీ అన్నీ వచ్చాయి. "ఇప్పుడు చివరి అంకె మార్చుండ్రి" అంది. మార్చారు. ఎవరో ముసలాయన ఫొటో వచ్చింది. ఆవిడ చెయ్యి చాచి తెరకి అడ్డం పెట్టింది. "చాలు మేడమ్. ఆయన ఇల్లు మనకెందుకు" అంది.

ఆఫీసర్ గారి మొహం నల్లబడింది. నేను కొట్టేస్తారేమోననుకున్నాను, మేనేజర్‌ని! అలాంటిదేం జరగలేదు. గొంతు పెంచకుండా, "ఆ పేజీ ఆపించండి. ఇప్పుడే. నేను ఇక్కడే కూర్చుంటాను" అన్నారు.

"మేడమ్, ప్రొసీజర్ ప్రకారం ఒక మెయిల్..."

"మెయిల్ నేను పెడతాను. పేజీ మీరు ఆపండి."

అబ్బ! ఆ తర్వాతి అరగంట ఎలా గడిచిందో! మేనేజర్ రెండు ఫోన్లలోనూ ఒకేసారి అరుస్తున్నాడు. ఇంజనీర్ నిమిషానికోసారి ఆ పేజీ తెరిచి చూస్తున్నాడు. వచ్చేస్తోంది. మళ్ళీ చూస్తాడు. వచ్చేస్తోంది. కుట్టుపనామె ఒళ్ళో సంచి నలిగిపోయింది. నేను ఆ సెల్లార్‌లో గోడకీ గోడకీ మధ్య తిరుగుతున్నాను. "తమ్మీ, జర కూసో, తల తిరుగుతున్నది" అని ఆవిడ కసురుకుంది. ఉన్నట్టుండి ఇంజనీర్, "పోయింది! పోయిందక్కా!" అని కేకేశాడు. తెర మీద ‘ఈ సేవ తాత్కాలికంగా నిలిపివేయబడింది’ అని ఒకే ఒక్క లైను. అంత అందమైన తెలుగు వాక్యం నేను జన్మలో చదవలేదు.

మేనేజర్ నుదురు తుడుచుకుని, "ఓకే మేడమ్, ఇప్పుడు నిజమే కదా, ఆ లైన్ చెప్పేయండి" అన్నాడు.

"ఆగు" అంది ఆవిడ. "వాడు పొద్దుటి సంది వెతుకుతున్నడు. ఈమెది దొరికిందో లేదో నీకు ఎరుకనా?"

ఎవరికీ తెలియదు. ఆఫీసర్ గారు ఎవరితోనో ఫోన్లో మాట్లాడి, వెంగళరావు నగర్ దగ్గరి స్టేషన్ నుంచి ఒక మహిళా కానిస్టేబుల్‌ని ఆ వీధిలోకి పంపించే ఏర్పాటు చేశారు. ఇంటి నంబరు అడిగి, చీటీ మీద రాసుకుని, ఫోన్లో చెప్పేశాక ఆ చీటీ కుట్టుపనామె చేతికే ఇచ్చేశారు. ఆవిడ అది గమనించి తలూపింది. తర్వాత ఆమెని ఆటో ఎక్కించి వచ్చింది. "పో బిడ్డా. పోయి తలుపు చూసుకొని ఫోన్ చెయ్. నువ్వు చేసేదాంక నేను నోరు తెరువ."

ఇక చూడండి! ప్రభుత్వ ఆఫీసరు, కాంట్రాక్టు మేనేజరు, సౌండ్ ఇంజనీరు, పేరు పడని రైటరు, నలుగురం ఆవిడ ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాం. అది బల్ల మీద, ఫ్లాస్కు పక్కన ఉంది. మధ్యలో ఒకసారి మోగింది. అందరం ఒక్కసారే లేచాం. ఎవరో అప్పు కావాలా అని అడిగేవాడు! ఆవిడ వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆఫీసర్ గారు మొహం పక్కకి తిప్పుకుని నవ్వారు. నాలుగున్నర దాటింది. మేనేజర్ కూడా వాచీ చూడటం మానేశాడు.

ఫోన్ మోగింది. ఆవిడ స్పీకర్ నొక్కింది.

"చేరానమ్మా. తాళం నేను వేసినట్టే ఉంది. ఎవరూ రాలేదని పక్కింటివాళ్ళు చెప్పారు. పోలీసమ్మ గుమ్మంలోనే కూర్చుంది. లోపల గడియ పెట్టుకున్నాను."

ఆవిడ కొంగుతో కళ్ళు గట్టిగా తుడుచుకుంది. ఫోన్ పెట్టేసి, డబ్బింగ్ గది వైపు నడిచింది. నేను పరుగున వెళ్ళి తలుపు తీసి పట్టుకున్నాను. మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "ఇగ పెట్టు నాయనా" అంది.

ఎర్రలైటు వెలిగింది.

"మీరిచ్చిన వివరాలు మీకు తప్ప ఇంకెవరికీ కనిపించవు."

ఎలా చెప్పిందో నాకు రాయడం చేతకాదు. ఇంట్లో పెద్దది పిల్లకి దుప్పటి కప్పుతూ చెప్పినట్టు చెప్పింది. నేనింక ఆగలేకపోయాను. పక్కన ఆఫీసర్ గారున్నారని లేదు, ఏమీ లేదు, రెండు వేళ్ళు నోట్లో పెట్టి, మొదటిరోజు మొదటి ఆటలో వేసినట్టు ఈల వేశాను!

అందరూ నా వైపు తిరిగారు. అప్పుడు చూసుకున్నాను, గది తలుపు ఇంకా నా భుజానికే ఆని ఉంది, మూయనే లేదు. స్పీకర్లో ఆవిడ గొంతు వచ్చింది.

"తమ్మీ, నీ ఈల రికార్డుల ఎక్కింది. తలుపు ముయ్యి, ఇంకోసారి చెప్త."